ఎవరి జోలె, ఎవరి ముఖం

హామిల్టన్ వచ్చి ఇరవై రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ ఇండియా నుంచి ఎవరైనా ఫోన్ చేసి "నువ్వక్కడ ఏం ఉద్యోగం చేస్తావే?" అని అడిగితే తిన్నగా జవాబు చెప్పలేను. "ఫేస్‌బుక్కులో ఫొటోలు పెడతాను పిన్నీ" అంటే "దానికి జీతం కూడా ఇస్తారా!" అని మా పిన్ని బుగ్గలు నొక్కుకుంది. ఇస్తారు. వారానికి ఇరవై గంటలకి.

కాస్త వివరంగా చెప్పాలంటే, మాదొక చిన్న సంస్థ. పసిఫిక్ దీవుల్లో కొన్ని బడులు, దక్షిణ భారతంలో కొన్ని మంచినీళ్ళ బోర్లు. పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. ఊళ్ళలో పనిచేసేవాళ్ళు ఫొటోలు పంపిస్తారు. వాటిలో ఒకటి ఏరి, దాని కింద నాలుగు వాక్యాలు రాసి, ఏ రోజు ఏ గంటకి పెడితే ఎక్కువమంది చూస్తారో లెక్క వేసి పెట్టడం నా పని. మా వైకాటో ప్రాంతమంతా పాడి. సాయంత్రం పాలు పితకడం అయ్యాక రైతు సోఫాలో కూలబడి ఫోన్ తీసే వేళ ఒకటుంది. ఆ వేళకి మా ఫొటో అతని చేతిలో ఉండాలి. తర్వాత వచ్చిన కామెంట్లకి జవాబులు, బూతులుంటే తుడిచెయ్యడాలు, వచ్చిన డబ్బుకి కృతజ్ఞతలు. ఎనిమిదేళ్ళుగా ఇదే. పెద్ద బాధ ఎప్పుడూ పడలేదు, ఆ జూలై ఉదయం వరకు.

మాకు చలికాలంలో ఉదయం తొమ్మిదైతే ఆంధ్రాలో తెల్లవారుజామున రెండున్నర. ఆ వేళ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది. "మేడమ్, మీ పేరు చూస్తే తెలుగువాళ్ళ మాదిరి ఉన్నారు. ఆ ఫొటో తీసేయండి ప్లీజ్. కాలేజీలో అందరూ చూసినారు. నన్ను బిందె అని పిలుస్తా ఉన్నారు."

ఏ ఫొటోనో అడగక్కర్లేకపోయింది. అనంతపురం జిల్లాలో ఒక ఊరు. ఎర్రమట్టి దారి, ఒక పదకొండేళ్ళ పిల్ల, నెత్తిన ఒకటి చంకన ఒకటి ప్లాస్టిక్ బిందెలు, భుజం దగ్గర చిరిగిన గౌను, కెమెరా వైపు చూసే పెద్ద కళ్ళు. మేము పెట్టినవాటిలో అంతమంది పంచుకున్న ఫొటో మరొకటి లేదు. ఆరేళ్ళుగా ప్రతి వేసవికీ ముందు దాన్నే మళ్ళీ తీసి వాడుతున్నాం. దాని కింద "ఈ పాప రోజూ ఇంతదూరం నడుస్తుంది" అన్న వాక్యం నేను రాసిందే. ఆరేళ్ళలో పాప ఇంటర్మీడియెట్‌కి వచ్చింది. నా వాక్యంలో మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

నాలుగు నిమిషాల్లో తీసేశాను. తీసేశానని రాశాను కూడా. కాని ఈ ఉద్యోగం చేసేవాళ్ళకి 'తీసెయ్యడం' అన్న మాట ఎంత డొల్లో తెలుసు. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద కాల్పులు జరిపినవాడు దాన్ని ఫేస్‌బుక్కులో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి ఇరవై నాలుగ్గంటల్లోనే ఆ వీడియో ప్రతులు 15 లక్షలు తీసేశామని ఆ కంపెనీయే చెప్పింది. అంత పెద్ద కంపెనీ, ప్రపంచమంతా చూస్తుండగా చేసిన పని అది. ఆ హంతకుడి వీడియోకీ ఈ పిల్ల ఫొటోకీ పోలిక లేదనుకోండి, యంత్రానికి మాత్రం రెండూ ఒకటే. మా ఫొటోని ఎవరెవరు దాచుకున్నారో, ఎవరి ఫోన్లలో ఉందో నేనేం చెప్పగలను?

మధ్యాహ్నానికి ఇంకో సందేశం. "ఆ పొద్దు స్కూల్లో ఫంక్షన్ ఉండె మేడమ్. నేను కొత్త గౌను వేసుకోని ఉంటి. ఫొటో తీసే ఆయన మామూలు గౌను వేసుకోని రమ్మన్యాడు."

ఇది చదివాక ఆ రోజుకి పని చెయ్యలేకపోయాను. నది ఒడ్డుకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను.

మా కమిటీలో విషయం పెట్టాను. మంచివాళ్ళే అందరూ. ఒకాయన రిటైరైన పాడిరైతు, సొంత ఖర్చుతో మూడుసార్లు ఇండియా వెళ్ళి బోర్ల దగ్గర నిలబడి వచ్చినవాడు. ఆయన అడిగింది ఒక్కటే: "అనుమతి పత్రం ఉందా?" ఉంది. బీరువాలోంచి తీశాను. ఇంగ్లీషులో ఒక పేజీ, కింద తల్లి వేలిముద్ర. "అయితే మన తప్పు లేదు కదా" అన్నాడు. చట్టప్రకారం లేదు. కాని బోరు వేస్తామని వచ్చినవాళ్ళు కాగితం చాపితే వేలిముద్ర వెయ్యనని ఏ తల్లి అంటుంది? వద్దంటే బోరు రాదని ఎవరూ అని ఉండరు. అనక్కర్లేదు.

అప్పుడు డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు. గోదావరి లంకల్లో, గన్నవరంలో, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకి ఆవిడ ఫొటో పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, ఆవిడ ససేమిరా అన్నారనీ, ఫొటో లేకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని అధికారి బతిమాలితే, అతని కోసం కూర్చున్నారనీ మా వైపు కథగా చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఈ కథ ఆవిడ నిరాడంబరత గురించనుకున్నాను. ఇప్పుడు నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తోంది. అన్నం పెట్టిన మనిషికి ఫొటో వద్దనే హక్కుంది, ఆ హక్కుని అధికారి కూడా మన్నించి బతిమాలాడు. అన్నం తిన్నవాళ్ళని ఎవరైనా అలా బతిమాలారా? ఆ పిల్ల తల్లి కూడా ఒక రకంగా సీతమ్మగారు చేసిందే చేసింది, ఎదుటివాడి పని జరగనిచ్చింది. తేడా అల్లా ఈవిడని ఎవరూ కథగా చెప్పుకోరు.

ఇదంతా ఎవరో పరాయివాళ్ళ గొడవ అయితే ఇంత రాసేదాన్ని కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. వేలమంది పోయారు. మా ఇంట్లో నాన్నమ్మ, రెండు గేదెలు. ఆ తర్వాత ఊరికి వచ్చిన ఒక సంస్థ పిల్లల్ని చదివిస్తామని పేర్లు రాసుకుంది. ఏడాదికోసారి ఫొటో. అమ్మ తలకి నూనె పెట్టి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టేది. ఫొటో ఆయన నవ్వద్దనేవాడు. ఏ దేశంలోనో ఒక దొరసానికి ఆ ఫొటో వెళ్ళేది. నేను నేర్పించిన మాటలతో ఉత్తరం రాసేదాన్ని. ఒకసారి ఆవిడ తన ఇల్లు, తోట, కుక్క ఉన్న ఫొటో పంపింది. ఆ కుక్క మా దూడకన్నా బలిసి ఉందని నాన్న నవ్వాడు. ఆ డబ్బుతోనే పదో తరగతి దాకా చదివాను. చదివాను కనక ఇక్కడ ఉన్నాను. అంచేత ఫొటోలు పాపం, విరాళాలు పాపం అని నాలాంటిది అనలేదు. ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా నా దగ్గర లేదు, అదొక్కటే బాధ. నా చిన్నతనం మొత్తం ఎవరి ఆల్బంలోనో ఉంది.

ముఖం లేకుండా డబ్బు అడగలేమా అని మీరంటారు. అడగొచ్చు, తక్కువ వస్తుంది. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరికి రోకియా అనే మాలీ దేశపు ఏడేళ్ళ పిల్ల గురించి చెప్పారు. కొందరికి ఆఫ్రికాలో లక్షలమంది ఆకలితో ఉన్నారని లెక్కలు చెప్పారు. చేతిలో ఉన్న అయిదు డాలర్లలో పిల్లకి సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, లెక్కలకి 1.14. పిల్లనీ లెక్కల్నీ కలిపి చూపిస్తే 1.43 అయింది. అంటే నిజం ఎక్కువ చెప్పినకొద్దీ చెయ్యి వెనక్కి పోయింది. నా ఉద్యోగమంతా ఈ మూడు అంకెల్లో ఉంది. లక్షమందికి నీళ్ళు కావాలంటే ఒక్క పిల్లని ఎండలో నిలబెట్టాలి.

ఇదేం కంప్యూటర్లతో వచ్చిన తెలివి కాదు. 1876-78 మధ్య మద్రాసు రాజధానిలో వచ్చిన కరువు, మన రాయలసీమవాళ్ళు ధాత కరువు అనేది, తక్కువ లెక్క వేసినా యాభై లక్షలమందికి పైగా మనుషుల్ని మింగింది. విల్లోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యపు అధికారి అప్పుడు ఎముకల గూళ్ళైన కుటుంబాల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక, పెళ్ళి ఫొటోకి నిలబెట్టినట్టు. ఇదే మనిషి 1886లో మాండలేలో ఖైదీల్ని కాల్చి చంపే క్షణాన్ని ఫొటో తియ్యాలని చూసి, విచారణకి గురయ్యాడు. 1877లో లండన్ మేయర్ ఈ కరువు కోసం విరాళాల నిధి తెరిచాడు. ఆ ఏడాది న్యూజిలాండ్ పత్రికల్లోనూ ఇండియా కరువు నిధి వార్తలు కనిపిస్తాయి. ఈ దేశం నుంచి ఆ ఎర్రమట్టికి డబ్బు వెళ్ళడం ఇవాళ్టిది కాదన్నమాట. హూపర్ ఫొటోల్లో ఉన్నవాళ్ళలో ఒక్కరి పేరూ మనకి లేదు. కూర్చోబెట్టినవాడి పేరు ఉంది.

ఏడుపు ఫొటోలు మానేసి నవ్వే ఫొటోలు పెడదాం అని మా కమిటీలో ఒక కుర్రాడన్నాడు. ఇప్పుడు అందరూ అదే అంటున్నారు. నాకు నమ్మకం లేదు. నన్ను నవ్వద్దన్న ఆయనకీ, ఇంకో పిల్లని నవ్వమనే ఆయనకీ తేడా ఏముంది? రెండు చోట్లా మొహం పిల్లది, హుకుం ఇంకొకరిది.

ఆలోచించగా నాకు తోచింది మన జోలె సంగతి. 1952లో రాయలసీమ కరువుకి ఎన్.టి. రామారావు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశాడు. మా ఉప్పెనకి కూడా సినిమావాళ్ళు జోలె పట్టారు. జోలె పట్టడంలో ఒక న్యాయం ఉంది. అడిగేవాడు తన ముఖం చూపించి అడుగుతాడు. అడుక్కోవడంలో ఉన్న సిగ్గు ఏదైనా ఉంటే అది అతనిది. ఎవరికోసం అడుగుతున్నాడో వాళ్ళు ఇంట్లో మర్యాదగా ఉంటారు. మా పద్ధతిలో జోలె మాది, ముఖం ఆ పిల్లది. సిగ్గు మొత్తం ఆమె వాటాకి పోయింది, పుణ్యం మా వాటాకి వచ్చింది.

సరే, చేసి చూశాం. ఆ వేసవి పిలుపుకి పిల్లల ఫొటోలు లేకుండా, మా కమిటీవాళ్ళ ముఖాలే పెట్టాం. ఆ పాడిరైతు ఖాళీ బిందె పట్టుకుని నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. హామిల్టన్‌లో ఏడాదికి 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అనంతపురంలో అందులో సగం, అని ఆయన తన మాటల్లోనే చెప్పాడు. జనం మెచ్చుకున్నారు. బొటనవేళ్ళు బోలెడు లేచాయి. డబ్బు మాత్రం బాగా తగ్గింది. అనుకున్న బోర్లలో ఒకటి మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ఏ ఊరిదో నాకు తెలుసు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి నా మర్యాద గురించిన ఆలోచనలు ఎవరైనా చెప్పి ఉంటే ఏమనేవారో కూడా ఊహించగలను.

ఇది తేలే లెక్క కాదు. ఇక్కడి వైకాటో యూనివర్సిటీలో తాహు కుకుటై అనే మావోరి జనాభా శాస్త్రవేత్త ఉన్నారు. మావోరీల గురించి పోగుచేసిన సమాచారం మీద అధికారం మావోరీలదే కావాలని 2015 నుంచీ కూడగట్టుకుని పనిచేస్తున్న బృందంలో ఆవిడ ఒకరు. ఆ వాదన ఒక మనిషి సంతకం దగ్గర ఆగదు. ఈ సమాచారం ఎవరి దగ్గర ఉండాలి, దేనికి వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ జనమే కూర్చుని తేల్చుకోవాలంటుంది. అది చదివాక మా అనుమతి పత్రం మార్చాను. తెలుగులో రాశాను. రెండేళ్ళకోసారి మళ్ళీ అడుగుతాం, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం, ఏ ఫొటో ఎక్కడ వాడామో చెబుతాం అని. కమిటీ ఒప్పుకుంది. కాగితం బాగుంది. కాని పాత ప్రశ్న అలాగే ఉంది: బోరు కోసం ఎదురుచూస్తున్న మనిషి దగ్గరికి మంచి కాగితం పట్టుకెళ్ళినా అది కాగితమే కదా.

పత్రం మార్చిన సంగతి ఆ అమ్మాయికి రాశాను. క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఆమె దాని గురించి ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత అడిగింది, "నా ఫొటోకి ఎంత వచ్చింది మేడమ్?"

ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. దాతలు అడగలేదు, కమిటీ అడగలేదు. లెక్క మాత్రం నా కంప్యూటర్లో ఉంది, ఏ ఫొటో ఎంత తెచ్చిందో ప్రతి నెలా నేనే పట్టిక వేస్తాను. చెప్పాలా వద్దా అని ఒక సాయంత్రమంతా తిరిగాను. చెబితే అమ్ముకున్నట్టుంటుంది, చెప్పకపోతే దొంగిలించినట్టుంటుంది. మా ఆయన "ఆమె డబ్బు, ఆమెకి చెప్పడానికేం?" అన్నాడు. రూపాయల్లోకి మార్చి రాశాను. ఆ డబ్బుతో నాలుగు ఊళ్ళలో బోర్లు పడ్డాయని, వాటి పేర్లు కూడా రాశాను. ఆ పేర్లు టైపు చేస్తుంటే తెలిసింది, అందులో వాళ్ళ ఊరు లేదు. ఫొటో తీసిన ఏడాది అక్కడ నేలలో నీళ్ళు పడవని పరీక్ష చేసినవాళ్ళు చెప్పారట, ఆ తర్వాత ఆ ఊరు జాబితాలోంచి జారిపోయింది. ఎవరూ గమనించలేదు. ఫొటో మాత్రం వాడుతూనే ఉన్నాం.

ఆమె ఈసారి వెంటనే రాసింది. "బోరు పడకపోతే పైపు వేయచ్చు కదా మేడమ్. పక్క ఊర్లో ట్యాంకు ఉంది. ఎంత అవుతుందో మా నాయన కనుక్కుంటాడు."

వాళ్ళ నాన్న కనుక్కున్నాడు. పంచాయతీ వాళ్ళు ఇచ్చిన అంచనా కాగితం ఫొటో తీసి పంపింది. వచ్చే మంగళవారం కమిటీ సమావేశం. మొదటి అంశంగా పెట్టాను.