నేర్పడం దయా, బాకీయా?



శుక్రవారం ఆరాధనకు మన సహవాసానికి వచ్చే సోదరుల్లో షట్టరింగ్ కార్పెంటర్లు, మేస్త్రీలు, ఫోర్‌మన్లు ఉన్నారు. వారి పక్కనే హెల్పర్ వీసా మీద వచ్చిన కుర్రాళ్లూ కూర్చుంటారు. సైట్‌లోనూ వీరు పక్కపక్కనే ఉంటారు. ఒకరి చేతిలో పనితనం ఉంటుంది, మరొకరి భుజం మీద ప్లైవుడ్ షీటు ఉంటుంది. పని తెలిసినవాడు తెలియనివాడికి నేర్పడం దయా, లేక తీర్చవలసిన బాకీయా? ఈ ప్రశ్న మీ ముందు పెట్టాలనిపించింది.

దయ అయితే ఇష్టముంటే చేస్తాం, లేకుంటే మానేస్తాం. మనల్ని ఎవరూ తప్పుపట్టలేరు. బాకీ అయితే ఎగ్గొట్టడం తప్పవుతుంది. తేడా చిన్నది కాదు. ఐదేళ్లు షీట్లు మోసినా హెల్పర్ హెల్పర్‌గానే మిగిలిపోవచ్చు. మోతతో భుజం గట్టిపడుతుందే గాని పని రాదు. అదే అతను ట్రేడ్ టెస్టులో నెగ్గి కార్పెంటర్ అయితే జీతం పెరుగుతుంది, ఊళ్లో చేసిన అప్పు త్వరగా తీరుతుంది.

పని చేయించుకోవడం వేరు, నేర్పడం వేరు. కాలమ్ షట్టరింగ్‌నే చూడండి. క్లాంపులు కింద దగ్గర దగ్గరగా, పైకి వెళ్లేకొద్దీ ఎడంగా బిగిస్తారు. "ఇక్కడ బిగించు" అంటే హెల్పర్ బిగిస్తాడు, అంతటితో సరి. కాని పచ్చి కాంక్రీటు నీళ్లలాగే పక్కలకు తోస్తుందని, ఘనమీటరు సుమారు 2,400 కిలోలు తూగుతుందని, 3 మీటర్ల కాలమ్‌ను ఒక్కసారిగా నింపితే అడుగున చదరపు మీటరుకు 7 టన్నుల దాకా ఒత్తిడి పడుతుందని చెప్పి చూడండి. రేపు ఇంకో ఎత్తు కాలమ్ దగ్గర అతను తనంతట తానే ఆలోచిస్తాడు.

నేర్పడం బాకీ అని ఎందుకు అంటున్నాను? ఏ మేస్త్రీ మొదటి కోతా తిన్నగా రాలేదు. రంపం బ్లేడు దాదాపు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుందని, అందుకే గీతకు ఏ వైపున కోయాలో చూసుకోవాలని ఎవరి కలపో పాడయ్యాకే తెలుస్తుంది. మా సాఫ్ట్‌వేర్ పనిలో తప్పు జరిగితే పాత కాపీని వెనక్కి తెచ్చుకోవచ్చు. పొట్టిగా కోసిన చెక్క మళ్లీ పొడవు కాదు. ఆ నష్టాన్ని ఎవరో ఒకరు భరించబట్టే నేడు ఆ చేయి తిరిగింది. భరించిన ఆ పెద్దాయన ఎక్కడో ఊళ్లో ఉంటాడు, లేదా ఈ లోకంలోనే ఉండడు. ఆయనకు తిరిగి ఇవ్వలేం కాబట్టి తర్వాత వచ్చినవాడికి చెల్లించాలి.

నిర్గమకాండంలో ప్రత్యక్షపు గుడారానికి తుమ్మకఱ్ఱతో 48 పలకలు చేయాలి. పలకకు రెండేసి చొప్పున 96 కుసులు. ఒక్కొక్క పలక ఎత్తు పది మూరలు. ఇది ఒక్కడి చేతిలో అయ్యే పని కాదు. 35వ అధ్యాయంలో దేవుడు బెసలేలుకు పనితనంతో ఆగలేదు. యూదా గోత్రికుడైన అతనికీ, దాను గోత్రికుడైన అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడు. మన ఊళ్లలో వడ్రంగం చాలావరకు తండ్రి నుంచి కొడుక్కే వచ్చేది. ఆ ఇంట పుట్టనివాడి చేతికి ఉలి అందడం అరుదు. ఇక్కడ మాత్రం నేర్పే వరం ఒక్క గోత్రంలోనే ఆగలేదు.

"నేర్పితే రేపు నా పనికే ఎసరు పెడతాడు" అని ఒక అన్న అనవచ్చు. గురువుకు పంగనామాలు పెట్టే శిష్యులు ఉన్నారు, కాదనను. అయినా ఆ భయంతో మన బాకీ రద్దు కాదు. ఇంకొకరు, "స్లాబ్ తేదీ నెత్తిమీదుంటే నేర్పే తీరిక ఎక్కడిది?" అంటారు. ఇది న్యాయమైన మాట. అందుకే ఈ భారం మేస్త్రీ ఒక్కడిదే కాదు. అమెరికాలో నమోదైన అప్రెంటిస్‌షిప్‌లో రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. కనీసం 2,000 గంటలు పనిమీద నేర్చుకోవాలి, ఏడాదికి 144 గంటల పాఠాలు సిఫార్సు చేస్తారు, నేర్పు పెరిగేకొద్దీ జీతమూ పెరుగుతుంది. ఇక్కడి హెల్పర్‌కు సాధారణంగా అలాంటి ఒప్పందం ఉండదు. మనలో షెడ్యూళ్లు వేసే ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు ఉన్నారు. నేర్పే గంట కూడా ఆ షెడ్యూల్లో ఉండాలని అడగగలిగేది వారే.

ఒక హద్దు మాత్రం ఉంది. తప్పులు చేయనివ్వాలంటే అన్నిచోట్లా అని కాదు. మిగిలిన ముక్కల మీద కోత నేర్పండి, పాడైతే పోనివ్వండి. ప్రాప్‌ల దగ్గర, రంపం దగ్గర, స్లాబ్ అంచున మాత్రం వెంట నిలబడండి. అక్కడ తప్పు జరిగితే పోయేది చెక్క కాదు, మనిషి.

నేర్చుకునే తమ్ముడికీ ఒక బాధ్యత ఉంది. ఎందుకని అడగడానికి సిగ్గుపడకూడదు. ఈ రోజు తనకు దొరికినది రేపు మరొకరికి అందించాలని గుర్తుంచుకోవాలి.

వచ్చే శుక్రవారం ఆరాధన అయ్యాక ఒక గంట ఉండగలరా? మేస్త్రీలైతే ఒక తమ్ముడికి మూలమట్టం ఎలా వాడాలో చూపించండి. ఇంగ్లీషు చదవగలిగినవారైతే డ్రాయింగులో కొలతలు ఎలా చూడాలో తెలుగులో చెప్పండి. బాకీ ఒక్కరోజులో తీరదు, కాని మొదటి వాయిదా కట్టడానికి ఆ గంట చాలు.