సాక్షియు పరికరమును

చూచువాడు చూడబడు దానికి వేఱై యుండునని అద్వైతులు చేసిన దృగ్దృశ్యవిచారమునకు నేటి కంప్యూటరు ఒక చక్కని నిదర్శనము నొసగుచున్నది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో వెలువడిన టాస్క్ మేనేజరును తెఱచినచో, నడచుచున్న ప్రోగ్రాములన్నియు, అవి వ్యయించు ప్రాసెసరు కాలమును, మెమొరీయు వరుసగా కానవచ్చును. ఆ వరుసలోనే టాస్క్ మేనేజరు పేరును, దాని వ్యయమును గూడ నుండును. సర్వమును కనిపెట్టునట్లు తోచు నా పరికరము తానును కనిపెట్టబడు వానిలో నొకటియే. ఎంత తఱచుగా లెక్కలు చూపునో అంత శక్తిని తానే హరించును. లినక్సులోని కాక్‌పిట్ అను పరికరము బ్రౌజరునందు సర్వరు స్థితిని తెలుపుచు, తనకై వేఱు సెట్టింగుల నిధి నేర్పఱచుకొనక, టెర్మినల్లో జరిగిన మార్పును యథాతథముగా ప్రతిఫలింపజేయును. ఎంత నిర్మలమైనను అదియు వ్యవస్థలోని భాగమే గాని వ్యవస్థకు సాక్షి కాదు.

మన బుద్ధియు నిట్టిదే. మనోవృత్తులను పరిశీలించుచు, దిద్దుచు, తానే ప్రభువని తలచుచుండును. కాని ఆ పరిశీలనమును మఱియొక వృత్తియే, అదియు తెలియబడుచునే యున్నది. కావున సాధకుడు గమనించు మనస్సును గూడ దృశ్యములలోనే చేర్చవలెను. దానినే ఆత్మయని నిలిచిపోవుట విచారమును నడుమ విడుచుటయే యగును.