చెప్పుకోలేని దుఃఖానికి ఒక దారి





లింగాలలో గానీ, చుట్టుపక్కల ఊళ్లలో గానీ పొద్దుగూకినాక మన వీధిలో ఒకసారి నడిచి చూడండి. అరటి తోటలో కూలి చేసి వచ్చిన అక్క అరుగు మీద ఊరికే కూర్చొని ఉంటుంది. బోరు ఎండి, చీనీ చెట్లు ఎండి, అప్పు మాత్రం మిగిలిన అన్న మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటాడు. అమ్మ కువైట్‌కు పోతే జేజి దగ్గర పెరిగే పిల్ల గోడ వైపు తిరిగి పడుకొని ఉంటుంది. "ఏమైంది?" అని అడగండి. ముగ్గురూ ఒకే మాట చెప్తారు: "ఏం లేదులే."

ఈ కరపత్రం ఆ "ఏం లేదులే" గురించే.

మనలో కొందరికి ఇంకో బాధ కూడా ఉంది. "దీక్ష తీసుకున్నాను. రోజూ త్రిశరణం చెప్తాను. పంచశీల తప్పను. అయినా రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేవబుద్ధి కాదు. నా ధమ్మంలోనే లోపముందా?" అని లోలోపలే నలిగిపోతుంటారు. బయటికి చెప్తే "బుద్ధుడి దారి పట్టినోళ్లకు దుఃఖమేంది?" అని ఎవరన్నా అంటారేమోనని భయం.

అట్లా అనేవాళ్లు ధమ్మాన్ని సరిగా అర్థం చేసుకోలేదు. బుద్ధుడు మొదట చెప్పిందే దుఃఖం ఉంది అని. ఉన్నదాన్ని ఉందని ఒప్పుకోవడమే ఆయన దారిలో మొదటి అడుగు. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం. మనసు విరిగినప్పుడు వైద్యం చేయించుకోవడం ధమ్మానికి వ్యతిరేకం ఎట్లా అవుతుంది?

బుద్ధుడు దుఃఖంలో ఉన్నవాళ్లతో ఎట్లా మాట్లాడాడో చూడండి. చనిపోయిన బిడ్డను చంకనేసుకొని మందు కోసం ఇల్లిల్లూ తిరిగిన కిసాగోతమి కథ మీకు తెలుసు. ఆమెను ఆయన "ఏడవకు" అనలేదు, ఉపదేశంతో మొదలుపెట్టలేదు. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మని ఒక పని అప్పగించాడు. ఆమె గడప గడపకూ తిరిగింది. ప్రతి గడపలోనూ ఇంకొకరి దుఃఖం విన్నది. చెప్తే అర్థం కానిది చేస్తే అర్థమైంది.

పటాచార సంగతీ అంతే. భర్త, బిడ్డలు, తల్లిదండ్రులు అందరూ పోయి, ఒంటి మీద గుడ్డ కూడా తెలియని స్థితిలో ఆమె బుద్ధుడి ముందుకొచ్చింది. జనం తరమబోయారు. ఆయన మాత్రం ఆమెను చెల్లెలా అని పిలిచి, స్పృహ తెచ్చుకోమన్నాడు. ఎవరో పైగుడ్డ ఇచ్చారు. కొంత కాలానికి, భిక్షుణిగా కాళ్లు కడుక్కుంటూ, పారే నీళ్లను చూస్తూ ఆమె తన మనసును పట్టుకుంది. ఆ అనుభవం ఆమె పేరు మీద గాథగా థేరీగాథల్లో నిలిచింది. నీళ్లు మోసే దాసి పుణ్ణిక గాథ కూడా అందులోనే ఉంది. బతుకు నలిపేసిన ఆడవాళ్లు తమ బాధను, విడుదలను తమ నోటితో పాడుకున్న పుస్తకం అది. పాడుకోవడం వాళ్ల విడుదలలో ఒక భాగం.

ఇప్పుడు మానసిక వైద్యంలో జరుగుతున్న పని కూడా దీనికి దగ్గరగానే ఉంది. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు ఒక పద్ధతిని రూపొందించాడు. "నేను దేనికీ పనికిరాను" అనే ఆలోచన వస్తే ఆ ఆలోచన, దానితో వచ్చే దిగులు, ఆ దిగులుతో మనం మానేసే పనులు, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎట్లా పెంచుకుంటాయో పుస్తకంలో రాసుకొని చూస్తారు. "ఇది నిజమేనా? రుజువేంది?" అని డాక్టరు లేదా కౌన్సిలరు పక్కన కూర్చొని అడుగుతారు. చిన్న చిన్న పనులు అప్పగిస్తారు. వారానికోసారి అట్లా కొన్ని నెలలు నడుస్తుంది. అవసరమైతే మందులు కూడా ఉంటాయి.

కానీ అందరికీ మాట రాదు. మాటే గొంతులో అడ్డం పడినోళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఈ పద్ధతికి బొమ్మ, పాట, మట్టి, నాటకం తోడయ్యాయి. ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1938లో క్షయ రోగంతో శానిటోరియంలో పడ్డాడు. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉన్నట్టే అక్కడా నెలల తరబడి రోగులను ఉంచేవాళ్లు. ఆయన పడక మీదే బొమ్మలు గీసుకున్నాడు, తోటి రోగులతోనూ గీయించాడు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. అంతకు ముందే జేకబ్ మొరేనో అనే వైద్యుడు నాటకాన్ని చికిత్సలోకి తెచ్చాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో మనల్ని బాధపెట్టిన మనిషి ఉన్నాడనుకొని చెప్పాల్సింది చెప్పించడం ఆ దారిలో వచ్చిందే.

గోడ వైపు తిరిగి పడుకున్న ఆ పిల్లనే తీసుకోండి. "అమ్మ గుర్తొస్తోందా?" అంటే తల అడ్డంగా ఊపుతుంది. కాగితం, రంగులు ఇచ్చి "మీ ఇల్లు గీయి" అంటే గీస్తుంది. ఆ ఇంట్లో అమ్మ ఎక్కడో మూలన, చిన్నగా, విమానం పక్కన ఉండొచ్చు. కౌన్సిలరు దానికి మార్కులు వేయడు, జాతకం చెప్పినట్టు అర్థాలూ చెప్పడు. "ఇదెవరమ్మా?" అని అడుగుతాడు, అంతే. లోపల ఉన్న బాధ ఇప్పుడు కాగితం మీద, కళ్ల ముందు ఉంది. కళ్ల ముందున్నదాని గురించి మాట్లాడొచ్చు. సతిపట్ఠానంలో వేదనను వేదనగా చూడమన్నది కూడా దీనికి దగ్గరి మాటే.

"మరి ధమ్మంలో ఆటపాటలు కూడదు కదా?" అని ఎవరన్నా అడగొచ్చు. ఆ నియమం భిక్షువులకు, ఉపోసథం రోజు అష్టశీల పాటించేవాళ్లకు. గృహస్థుల పంచశీలలో అది లేదు. బాబాసాహెబ్ కూడా పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు.

ఇక మనకు ముఖ్యమైన విషయం. మన దుఃఖంలో కొంత భాగానికి కులమే కారణం. హాస్టల్లో, ఆఫీసులో, తోటలో తగిలిన మాట ఏళ్ల తరబడి లోపల కుళ్లుతుంది. దాన్ని చెప్పుకుంటే "ఈ కాలంలో కులమెక్కడుంది? అంతా నీ ఊహ" అనే కౌన్సిలరు మన గాయానికి ఇంకో గాయం చేర్చినట్టే. మంచి కౌన్సిలరు మొదట నమ్ముతాడు. "జరిగింది నిజం. తప్పు నీది కాదు" అంటాడు. ఆడ, మగ అనే లెక్కలో ఇమడని బిడ్డ వచ్చినా "నిన్ను మారుస్తా" అనడు, ఉన్నది ఉన్నట్టు గౌరవిస్తాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇదే చెప్తోంది: మనిషి ఏ వర్గం వాడు, సమాజపు కట్టుబాట్లకు ఒదిగాడా లేదా అనేదాన్ని బట్టి మానసిక రోగి అని ముద్ర వేయకూడదు. మనం చెప్పుకున్నది రహస్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. మనల్ని మొదట నమ్మే ఇట్లాంటి కౌన్సిలరు దొరకకపోతే ఇంకొకరి దగ్గరికి పోండి. అది మీ హక్కు.

పూర్వజన్మ కర్మ అని చెప్పి మన దుఃఖాన్ని మన నెత్తినే వేసే మాటను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. వైద్యం పేరుతో "సర్దుకుపో" అని నేర్పినా ఒప్పుకోవద్దు. మనసు కుదుటపడేది అన్యాయాన్ని మరిచిపోవడానికి కాదు, దాన్ని నిలబడి ఎదుర్కోవడానికి.

కళ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒకరికి డప్పు పట్టుకుంటే గుండె నిండుతుంది. ఇంకొకరికి అదే డప్పు తాత చేత ఊరు చేయించిన వెట్టిని గుర్తు చేస్తుంది. ఏది పట్టుకోవాలో బాధపడే మనిషే తేల్చుకోవాలి. చెక్కభజన, ముగ్గు, కుట్టుపని, రాత, ఏదైనా పరవాలేదు. జాషువా 1941లో వెలువరించిన గబ్బిలంలో, వినే మనిషి లేక ఒక అరుంధతీ సుతుడు తన గోడు గబ్బిలానికి చెప్పుకున్నాడు. బాబాసాహెబ్ 1901లో, చిన్నతనంలో, తండ్రిని చూడబోతూ దారిలో గుక్కెడు నీళ్లు దొరకక గడిపిన రాత్రిని ఎన్నో ఏళ్ల తర్వాత తన చేత్తో రాసుకున్నారు. ఆ రాత ఆయన పోయాక 1990లో చిన్న పుస్తకంగా వచ్చింది. అంతటి మనిషికే గాయాన్ని కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. మనం పెడితే తప్పేంది?

అయితే బొమ్మ గీస్తే చాలు, మందు వద్దు అనుకోకండి. ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నా, వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా డాక్టరును చూడాల్సిందే. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపొద్దు. గాలి సోకిందని తాయెత్తుల దగ్గరికి, మంత్రగాళ్ల దగ్గరికి తిప్పి కాలం పోగొట్టొద్దు. ఆ దారి మనం దీక్ష రోజే వదిలేశాం.

ఎవరన్నా "బతకాలని లేదు" అంటే కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. వాళ్లను ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవండి. ఒక్కరే పోలేకపోతే తోడు పోవడం మన సంఘం పని.

చివరగా ఒక మాట. వచ్చే పున్నమి నాడు వందన అయ్యాక పది నిమిషాలు మిగల్చండి. పిల్లలకు కాగితాలు, రంగులు ఇవ్వండి. పెద్దవాళ్లలో ఎవరికి పాడాలనిపిస్తే వాళ్లను పాడనివ్వండి. ఎవరినీ బలవంతం చేయకండి, ఎవరి బొమ్మ చూసీ నవ్వకండి. అది వైద్యం కాదు, వైద్యం దాకా నడిపించే మెట్టు. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఆ అక్కను "ఏమైంది?" అని ఇంకోసారి అడగండి. "ఏం లేదులే" అంటే లేచి పోకుండా పక్కన కూర్చోండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.