ప్రతిరూప గుహలో దర్శనం

ఫ్రాన్సు దక్షిణ భాగంలోని ఆర్దెష్ నదీలోయలో 1994 డిసెంబరులో బయటపడిన, ఆదిమ మానవుల చిత్రాలున్న షోవే గుహను ప్రజల సందర్శనకు ఎన్నడూ తెరవలేదు. 1948 నుంచి సందర్శకులను అనుమతించిన, అలాంటి చిత్రాలే ఉన్న లాస్కో గుహలో వారి ఊపిరి, ఒంటి వేడి, తేమ కారణంగా గోడలపై పచ్చని నాచు, తెల్లని సున్నపు పొర వ్యాపించి, చివరకు 1963లో దానిని మూసివేయవలసి వచ్చిన అనుభవమే ఈ జాగ్రత్తకు మూలం. అందుచేత షోవేకు ప్రతిరూపం కట్టి 2015లో జనానికి తెరిచారు.

ప్రతిరూపంలో దర్శనం సిద్ధిస్తుందా అన్న ప్రశ్న వేసుకున్నప్పుడు తెలుగు పాఠకుడికి గర్భాలయంలో కదలకుండా ఉండే మూలవిరాట్టు, ఊరేగింపుకు వెలుపలికి వచ్చే ఉత్సవమూర్తి స్ఫురించడం సహజమే గాని, ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఉత్సవమూర్తి మూలవిరాట్టును అచ్చుగుద్దినట్టు పోలి ఉండనక్కరలేదు. మూలం నుంచి దైవశక్తిని ఆవాహన చేయడం, అనగా మంత్రపూర్వకంగా పిలిచి అందులో నెలకొల్పడం, దానిని పూజార్హం చేస్తుంది. కృత్రిమ గుహకు పోలిక నిండుగా ఉంది, ఆవాహన మాత్రం లేదు.

అయినా దాని నిర్మాణంలో ఒకచోట సంబంధం వంటిదేదో ఏర్పడిందనే చెప్పాలి. సుమారు 36,000 ఏళ్ల నాటి చిత్రకారుడు గుర్రాల తలలు గీయడానికి ముందు గోడమీది పలుచని మట్టిపొరను గీకి, కింది తెల్లని సున్నపురాతిని తేల్చి, బొగ్గుతో గీసి, ఆ బొగ్గును రాతిపై పులిమి నీడలు దిద్దాడు. పురాతత్త్వ పరిశోధకుడూ చిత్రకారుడూ అయిన జిల్ టోసెల్లో ప్రతిరూపం కోసం ఆ గుర్రాలను తిరిగి గీసినప్పుడు, ఆ పనిని తన చేతితో మళ్లీ నడిపించవలసి వచ్చింది. ఒక క్రియను విధిగా మళ్లీ చేయడమే కర్మకాండకు ప్రాణం గనుక, చూపరికంటే ఆ చేతికే మూలం దగ్గరైందని భావించడం న్యాయం.

మూలగుహలో ఒక బండపై ఎలుగుబంటి పుర్రె ఉంది. కొందరు దానిని బలిపీఠమంటారు, మరికొందరు ఒప్పుకోరు. ప్రతిరూపంలోనూ ఆ అమరికను చూడవచ్చు గాని, దానిని అక్కడ పెట్టిన మనసులోని భక్తినో భయాన్నో ఏ అచ్చూ పట్టలేదు. ఆ మనసు పట్ల నేటివారు చూపగల నిజమైన గౌరవం, చూడాలన్న కోరికను తామే అదుపులో పెట్టుకోవడం. అది ఉపవాసం వంటి నియమం, ప్రతిరూపం దానిని అందరికీ సాధ్యం చేసింది. పరిశోధకులు సైతం మూలగుహలోకి ఏటా కొద్ది వారాలే వెళ్తారు, లోహపు నడకదారి దాటి అడుగు వేయరు. ఎలుగుల ఎముకలు చెదిరి ఉన్న ఆ నేలలో అధికభాగం ఇప్పటికీ తవ్వకుండానే ఉంది.