పూత, ప్రాయశ్చిత్తము

దోషమును కప్పుటకును కడుగుటకును గల భేదమును ధర్మశాస్త్రకారులు బహువిధముల చర్చించిరి. ఆ భేదమును కన్నులార చూడగోరువారు విశాఖపట్టణము వంటి సముద్రతీర నగరమున, కార్లకు రంగులు వేయు షెడ్డులో, ఒక పూట నిలుచుండిన చాలును.

కారు తలుపుల దిగువన, ముందు చక్రము మొదలు వెనుక చక్రము దనుక సాగు గడప, పైకి సన్నని పట్టీగా కనబడినను, నిజమునకు లోన గుల్లయైన ఉక్కుపెట్టె. వేరుగా చట్రము లేని నేటి కార్లలో బండి బరువును మోయు నంగములలో నదియు నొకటి. చక్రములు చిమ్ము కంకర తగిలి పెచ్చులూడకుండుటకై దానికి గరుకైన, సాగు గుణము గల పూతను వేయుదురు. ఆ పూతలో చిన్న బీట పడినచో, ఉప్పుగాలియు తేమయు నందు దూరి ఉక్కును తుప్పుపట్టించును. తుప్పు తాను పుట్టిన లోహముకంటె నెక్కువ చోటు నాక్రమించును గనుక, పై రంగు బొబ్బలెక్కును.

అప్పుడు పనివాని యెదుట రెండు మార్గములు గలవు. మొదటిది సులభము: బొబ్బలను పైపైన గీకి, లప్పము పెట్టి, నల్లపూత పూయుట. సాయంకాలమునకు గడప నిగనిగలాడును. కాని లోన చిక్కిన తేమ ఆరుటకు దారిలేక ఉక్కును నిశ్శబ్దముగ తినుచునే యుండును. రెండవది క్లేశసాధ్యము: గట్టిగా నున్న పూత తగులువరకు గీకి, తీగెబ్రష్షుతోను ఉప్పుకాగితముతోను లోహము తళతళలాడునంతదాక రుద్ది, చిల్లు పడినచోట క్రొత్త రేకును వెల్డింగు చేసి, ప్రైమరు పట్టించి, అతుకులు మూసి, అటుపిమ్మటనే పూత వేసి, తుదకు లోపలి గుల్లలోనికి మైనపుద్రవమును చిమ్ముట.

పాపవిముక్తి సాధనములను చెప్పుచు మనుస్మృతి తపస్సునకును అధ్యయనమునకును ముందుగా, చేసిన దోషమును వెల్లడించుటను, పశ్చాత్తాపమును పేర్కొన్నది. షెడ్డులోని పనివరుసయు నిదియే. వెల్లడింపని దోషముపై జరిపిన జపదానములు కర్తకు తాను శుద్ధుడనన్న భ్రాంతిని గల్పించి, ఆ భ్రాంతి చాటున దోషమును పోషించును.

యథావిధిగా చేసిన ప్రాయశ్చిత్తమైనను పాపమును నశింపజేయునా? తెలియక చేసినది తొలగిపోవుననియు, తెలిసి చేసినవాడు మాత్రము లోకవ్యవహారమునకు యోగ్యుడగుననియు యాజ్ఞవల్క్యస్మృతి విభజించినది. కఠోరముగ దోచు నీ నిర్ణయమునందు కరుణయు గలదని నా తలంపు. తుప్పు తిన్న ఉక్కును ఎంతటి నేర్పరియు మరల పుట్టింపలేడు. అయినను బాగుపడిన గడప బరువు మోయును, బండి దారిన పడును. జరిగినదానిని జరుగనిదానిగ చేయుమని శాస్త్రము మనుష్యుని కోరలేదు. మరల భారము మోయుటకు తగినవాడవు కమ్మని మాత్రమే కోరినది.

ఇంకొక సంగతి. గడప అడుగున నీరు దిగుటకు సన్నని రంధ్రములుండును. ఉత్సాహవంతుడైన కుర్రవాడు వానిపైని సైతము పూత పూయబోగా, “బొక్కలు మూసేయకురా, నీళ్లు దిగాలి!” అని మేస్త్రీ కేకవేయును. ఏ రక్షణయు నీటిని సంపూర్ణముగ నాపజాలదని యెరిగినవాని మాట యది. నియమనిష్ఠలు గలవానికిని ఆ యెరుక యావశ్యకము: తనలోనికిక దోషము చొరదని నిశ్చయించుకొని ఆత్మపరీక్షను మానినవాడు, తన నిష్ఠచేతనే దోషమునకు నిలువ నీడ కల్పించుచున్నాడు.