కష్టజీవి, పనిమంతుడు: స్మరణపై ఒక సంవాదం

ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి కన్నుమూసిన మనిషి గురించి సంతాప సభలో ఎక్కువగా వినిపించే మాటలు రెండు: కష్టజీవి, కుటుంబాన్ని బాగా చూసుకున్నాడు. రెండూ నిజమే కావచ్చు. అయితే అవే మాటలు పక్క క్వార్టర్‌లో ఉన్నవాడికీ సరిపోతాయి, ఆ పక్కవాడికీ సరిపోతాయి. అందరికీ సరిపోయే మాటతో ఒక్క మనిషిని ఎలా తలచుకోవాలన్నది స్మరణలో మొదటి ప్రశ్న. ఆ కష్టం ఎవరి తోడుతో, ఏం పోగొట్టుకుని సాగిందన్నది రెండవది.

ఈ ప్రశ్నలు వేసుకోవడానికి దక్షిణ తెలంగాణలో తగిన చోటు కృష్ణా తీరపు సున్నపురాయి నేల. మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల మండలాల్లో ఆ రాయిని నమ్ముకుని సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మఠంపల్లి, మేళ్లచెరువు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, దామరచర్ల నల్లగొండలోనే ఉండిపోయింది. వానను నమ్ముకున్న చెలక ఇల్లు గడపలేనప్పుడు ఒక తరం ఈ ఫ్యాక్టరీల గేటు దాటి లోపలికి నడిచింది. ఇక్కడ మాట్లాడే మేనమామ, మేనల్లుడు, వారు తలచుకునే మనిషి ఆ తరం నుంచి కల్పించుకున్నవారు. ఊళ్లు, చట్టాలు, పని తీరు మాత్రం ఉన్నవే. మామ ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. అల్లుడు మహబూబ్‌నగర్‌లో తెలుగు లెక్చరర్. తలచుకునే మనిషి అల్లుడి తండ్రి. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట ఆయన అస్థికలు కలిపి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి పేపర్లో వేయించాల్సిన నాలుగు వాక్యాల దగ్గర ఇద్దరి సంవాదం మొదలవుతుంది.

కష్టం అనే మాట

అల్లుడు కాగితం మీద ‘కష్టజీవి’ అని రాశాడు. మామ ఆ మాట కొట్టేయమన్నాడు.

“ఎందుకు మామా? నాయిన కష్టపడలేదా?”

“పడ్డడు అల్లుడా. ఎద్దు గూడ కష్టపడ్తది. మీ నాయిన పనిమంతుడు. గది రాయి.”

తెలుగులో కష్టం అంటే శ్రమ, కష్టం అంటే బాధ. రెక్కల కష్టం, కష్టార్జితం అన్నప్పుడు ఆ రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. అందుకే ‘కష్టపడ్డాడు’ అన్న వాక్యం మనిషి చేసిన దాన్ని చెబుతోందో, అనుభవించిన దాన్ని చెబుతోందో తేలదు. పనిమంతుడు అన్న మాటలో ఆ సందిగ్ధం లేదు. పని తెలిసినవాడని, చేతికి బుద్ధి తోడైనవాడని అర్థం. ఆ మాట వాడాలంటే ఆ పని ఏమిటో వాడేవాడికి కూడా కొంత తెలియాలి.

తండ్రి పని కిల్న్ బర్నర్. సున్నపురాయిని కొంత మట్టితో కలిపి పొడి చేసి, కాస్త వాలుగా ఉండి మెల్లగా తిరిగే పొడవాటి బట్టీలోకి పంపుతారు. దాన్నే కిల్న్ అంటారు. లోపల ఆ పొడి సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరి క్లింకర్ అనే గట్టి గులకలుగా మారుతుంది. క్లింకర్‌కు కొద్దిగా జిప్సం కలిపి నూరితే సిమెంటు. వేడి చాలకపోతే కలవని సున్నం మిగిలిపోయి, కట్టిన తర్వాత గోడ ఉబ్బి పగులుతుంది. వేడి మించితే కిల్న్ లోపలి ఇటుకల పొర దెబ్బతింటుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య మంటను నిలిపేవాడు బర్నర్. కెమెరాలు, కంప్యూటర్ తెరలు రాకముందు అతని చేతిలో ఉండేది ఒక నీలి అద్దం. అందులోంచి చూస్తే మంట మిరుమిట్లు తగ్గి, లోపలి సరుకు ఏ రంగు మీదుందో, గోడ వెంట ఎంతవరకు పాకి జారుతోందో కనబడుతుంది. ఆ అద్దం ఇప్పుడు ఇంట్లో ఫొటో పక్కన ఉంది. అంచులు అరిగి నునుపెక్కాయి. బొటనవేలు ఆనే చోట ఒక మసక మచ్చ.

“కరెంటు పోయిన రాత్రి అసలు పరీక్ష,” అన్నాడు మామ. “కాలుతున్న కిల్న్ కదలకుంట నిలబడితే దాని బయటి షెల్ వంగుతది. ఇంజన్ పెట్టి కొంచెం కొంచెం తిప్పుకుంట ఉండాలె. అందరం ఉరుకుతుంటిమి. మీ నాయిన గడియారం చూస్కుంట, ఎప్పుడు తిప్పాల్నో చెప్పుకుంట నిలబడేటోడు. గది ఒట్టి కష్టం అంటే ఎట్ల ఒప్పుకోవాలె?”

అల్లుడు దీనికి ఒక అభ్యంతరం తెచ్చాడు. ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వెయిల్ 1934 డిసెంబర్ నుంచి 1935 ఆగస్టు వరకు పారిస్ ప్రాంతంలోని ఫ్యాక్టరీల్లో కార్మికురాలిగా పనిచేసింది. అలసటా వేగమూ కలిసి మనిషిలో ఆలోచించే శక్తినే వెళ్లగొడతాయని అక్కడ ఆమె తెలుసుకుంది. ఫ్యాక్టరీ పనిలో తెలివిని మాత్రమే పొగిడితే ఈ నష్టం కనబడకుండా పోతుందని అల్లుడి వాదన.

మామ కాదనలేదు. ప్యాకింగ్ ప్లాంటును గుర్తుచేశాడు. టన్నుకు 50 కిలోల బస్తాలు ఇరవై. పది టన్నులు లారీకెత్తితే రెండు వందల బస్తాలు భుజం మీదుగా వెళ్లినట్టు. అక్కడ ముక్కుకు తువ్వాల కట్టుకుని నిలబడ్డవాడికి ఆలోచించే తీరిక ఉండదు. ఒకే గేటు లోపల నైపుణ్యాన్ని పెంచే పని ఉంది, ఒంటిని అరగదీసే పనీ ఉంది. చాలామంది జీవితంలో ఈ రెండూ కలిసే ఉంటాయి. మనిషి ఇచ్చిన తెలివి ఎంత, అతని నుంచి రాబట్టుకున్న ఓపిక ఎంత అని విడదీసి చూడగలిగినప్పుడే పొగడ్తకు విలువ. కష్టజీవి అన్న ఒక్క మాట ఆ రెంటినీ కలిపేసి, చూడాల్సిన పని లేకుండా చేస్తుంది.

మూడు వేల రాత్రులు

రెండో మాట ఇంటి గురించి. ఇక్కడ సందేహం అల్లుడిది. షిఫ్టులు ఉదయం 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 10, రాత్రి 10 నుంచి 6. మూడు వారాలకు ఒక వారం నైట్ డ్యూటీ. ముప్ఫై ఏళ్లలో అలాంటి వారాలు 520, వారానికి ఆరు రాత్రుల చొప్పున 3,120. సెలవులు తీసేసినా మూడు వేలకు అటూ ఇటూ.

“మూడు వేల రాత్రులు నాయిన ఇంట్ల లేడు మామా. లేనోడు ఇంటిని చూసుకున్నడని ఎట్ల రాయాలె?”

“ఎవల కోసం పోయిండు?”

“గదే చిక్కు. మీ కోసమే అన్న మాటతోని ఎంత దూరమన్న పోవచ్చు. ఇంటి కోసమే ఇంటికి దూరమైతే, ఆ ప్రేమ ఇంట్ల ఉన్నోళ్లకు అందిందా లేదా అన్నది తేలాలె గద.”

మామ దగ్గర జవాబు లేదు. జవాబు గడప దగ్గర కూర్చున్న అమ్మ నుంచి వచ్చింది. “నైట్ డ్యూటీ వారంల పగటి పూట నేను మిక్సీ పట్టలె. పచ్చడి రోట్లనే నూరిన, అదీ ఎనుక దొడ్లె. మిమ్ముల చెప్పులు చేతుల పట్టుకొని నడవమంటి. ఆయన రాత్రి మెలుకువున్నడు, మనం పగలు సప్పుడు చేయలె.”

ఈ జవాబుతో ప్రశ్న రూపమే మారింది. ‘కుటుంబాన్ని చూసుకున్నాడు’ అన్న వాక్యంలో చూసుకునేది ఒక్కడు, మిగిలినవాళ్లంతా చూసుకోబడేవాళ్లు. నిజానికి ఆ ఇల్లు కూడా షిఫ్టు చేసింది. పొద్దున ఏడింటికి అన్నం వండటం, తలుపు సందుల్లో వెలుతురు రాకుండా దుప్పటి కట్టడం, ఆడుకునే పిల్లలను వీధి చివరికి పంపడం జీతం పట్టీలో కనబడని పని. ఆ పని లేకపోతే రాత్రి పదింటికి నీలి అద్దం పట్టుకునే కన్ను నిలకడగా ఉండేది కాదు. అల్లుడు వెతికిన సాక్ష్యం కూడా ఇందులోనే ఉంది. తండ్రి ప్రేమ ఇంటికి అందింది కాబట్టే ఇల్లు అతని నిద్రకు కాపలా కాసింది.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ ఈ విషయానికి దగ్గరది. తపశ్శక్తి మీద గర్వం ఉన్న కౌశికుడు భిక్షకు వెళితే, ఒక గృహిణి భర్తకు అన్నం పెట్టే పనిలో ఉండి అతన్ని ఆగమంటుంది. అతని కోపానికి ఆమె బెదరదు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి మాంసం అమ్మే వ్యాధుడిని అడగమంటుంది. వ్యాధుడు తన వృత్తి గురించి చెప్పి, ఇంట్లో తాను సేవించే ముసలి తల్లిదండ్రులను చూపి, వాళ్లే తన దైవమంటాడు. నమ్మికగా చేసే పని, ఇంటివాళ్ల సేవ ఈ కథలో ఒకే ధర్మానికి రెండు చేతులు. అల్లుడు ఏళ్ల తరబడి ఈ కథ పాఠం చెప్పాడు. ఆ రోజు అతనికి కొత్తగా తోచింది మరొకటి. కౌశికుడికి మొదటి పాఠం చెప్పింది ఆ గృహిణి. దారి చూపిందీ ఆమే. కథకు నిలిచిన పేరు మాత్రం వ్యాధుడిది.

చట్టం గుర్తుపెట్టుకునే తీరు

సమాజం కార్మికుడిని గుర్తుపెట్టుకునే మరో పద్ధతి చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టి, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలంది. 1972 గ్రాట్యుటీ చట్టం ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం లెక్కకట్టింది. నెలలో వారపు సెలవులు పోను 26 పని దినాలుగా తీసుకుంటారు. చివరి నెల వేతనం 20,800 రూపాయలైతే రోజుకు 800, ఏడాదికి 12,000, ముప్ఫై ఏళ్లకు 3,60,000. గ్రాట్యుటీ అన్న మాట లాటిన్‌లో అనుగ్రహం, కృతజ్ఞత అన్న అర్థాలున్న మూలం నుంచి వచ్చింది. ఏడాది పొడుగునా చేసిన పనిని చట్టం పదిహేను రోజులుగా తలచుకుంటుంది. 1995 పెన్షన్ పథకం భార్యనూ గుర్తిస్తుంది. పెన్షన్ పొందుతూ ఉద్యోగి చనిపోతే అందులో సగం ఆమెకు వస్తుంది. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినా, ఆ తరం బతుకును కొలిచినవి పాత చట్టాలే.

యజమానుల పేర్లు కార్మికుడి జీవితకాలంలోనే మారిపోతాయి. దామరచర్ల మండలం విష్ణుపురంలోని రాశి సిమెంట్ 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చింది. 2024 చివర్లో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ కిందికి వెళ్లింది. గేటు మీది బోర్డు మారినా సర్వీసు లెక్క సాగేది చట్టం వల్లే. ఈ రక్షణ చిన్నది కాదు.

ఇక్కడ అల్లుడు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతపు మాట ఎత్తాడు. అతని క్లాసులో నారాయణపేట, కోస్గి వైపు నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులు చాలామంది గుంపు మేస్త్రి వెంట ముంబై, పుణె పనులకు వెళ్లినవారు. పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కార్మికుడికీ ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. చాలామంది పని లెక్క మాత్రం మేస్త్రి జేబులోని నోటుబుక్కు దాటి రాలేదు.

“వాళ్లు గూడ ఇంటి కోసమే పోయిండ్రు మామా. మూడు వేల రాత్రులు కాదు, ఏండ్లకు ఏండ్లు. నాయినకు రాయనీకి సర్వీసు బుక్కన్న ఉన్నది.”

“మా బస్తాలు మోసినోళ్లకు గూడ లేదు అల్లుడా. కాంట్రాక్టరు మారితే పేరు మారేది,” అన్నాడు మామ.

పర్మినెంటు ఉద్యోగిని తలచుకోవడం న్యాయమే. అతని చుట్టూ పనిచేసినవారిని చెరిపేసి అతన్ని ఒంటరిగా నిలబెడితే అది అతని పనిని కూడా తప్పుగా చెప్పడమే. క్లింకర్ ఒక్కడి చేతిలో సిమెంటు కాదు.

రాసిన వాక్యాలు

తెలంగాణలో పెద్దలను తలచుకునే రోజు పెత్రమాస, భాద్రపద అమావాస్య. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. ఇంటివాళ్లు బియ్యం, పప్పు, కూరగాయలు పెద్దల పేరు చెప్పి ఇస్తారు. తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు పలుకుతారు. ఆ వరసలో పేరు నిలుస్తుంది, గోత్రం నిలుస్తుంది. ముత్తాత ఏ పని చేశాడో, ఎవరు అతనికి వండి పెట్టారో చాలా ఇళ్లలో మూడో తరానికి తెలియదు. వివరం పోయాక మిగిలేది గౌరవం ఒక్కటే. అది ఎంత నిజాయితీ గలదైనా, ఎవరిని గౌరవిస్తున్నామో చెప్పలేదు. మనిషిని నిలబెట్టేది అతని పని వివరం. అతన్ని నిలబెట్టినవారి వివరం కూడా అందులో భాగమే.

ఇద్దరూ ఒప్పుకుని రాసిన ప్రకటనలో కష్టజీవి అన్న మాట లేదు. అందులో ఉన్నవి ఇవి: “ముప్ఫై ఏళ్లు కిల్న్ మంటను నీలి అద్దంలో చూసి నిలిపిన పనిమంతుడు. సుమారు మూడు వేల రాత్రులు ఫ్యాక్టరీలో మేలుకున్నాడు. ఆ పగళ్లలో ఆయన నిద్రను భార్య కాపాడింది. ఆయన కాల్చిన క్లింకర్‌ను నూరినవారిని, బస్తాలకెత్తినవారిని, లారీలకు మోసినవారిని ఆయనతో పాటే తలచుకుంటున్నాం.”

కాగితం చివర అల్లుడు తండ్రి పేరు రాశాడు. దాని పక్కనే అమ్మ పేరు రాశాడు.