కానరానిదీ లేనిదీ

ఒక వస్తువు కనిపించనంత మాత్రాన అది లేదని తెలిసినట్టేనా అన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో శతాబ్దాల పాటు నలిగింది. ఎదుట ఉన్న నేల మీద కుండ లేదన్న జ్ఞానం ఏ దారిన కలుగుతుందన్నది ఈ చర్చకు వాడుకైన ఉదాహరణ. నైయాయికులు ఆ జ్ఞానాన్ని ప్రత్యక్షంలోనే చేర్చగా, ఏడో శతాబ్దం ప్రాంతపు మీమాంసకుడు కుమారిల భట్టు, ఆయన బాటలో అద్వైతులు, దానికి అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని వేరుగా అంగీకరించారు. అనుపలబ్ధి అంటే కానరాకపోవడం. దారులు వేరైనా ఒక షరతు దగ్గర ఇరుపక్షాలూ కలుస్తాయి: ఉండి ఉంటే తప్పక కనబడేదే అని చెప్పగలిగిన వస్తువు కనబడనప్పుడు మాత్రమే దాని లేమి రుజువవుతుంది. దీనికే యోగ్యానుపలబ్ధి అని పేరు. చీకటి గదిలోకి తొంగిచూసి కుండ లేదని చెప్పే అధికారం ఎవరికీ లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో మెమరీ నిర్వహణకు సంబంధించిన సవరణను సమీక్షించే వ్యక్తి నిలబడవలసింది సరిగ్గా ఈ షరతు మీదే. కెర్నల్ అంటే యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ ఉండి, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఎవరు దేన్ని ముట్టుకోరాదో నిర్ణయించే మూలభాగం. లినక్స్ కెర్నల్‌లో చేరే ప్యాచ్ (అంటే కోడ్‌కు ప్రతిపాదించిన సవరణ) కింద సమీక్షకుడు తన పేరు చేర్చడమంటే, ఆ మార్పు చేర్చదగినదనీ, దాన్ని తోసిపుచ్చవలసినంత తెలిసిన లోపాలేవీ అందులో లేవనీ తాను నమ్ముతున్నట్టు; అన్ని పరిస్థితుల్లోనూ అది సరిగ్గా పనిచేస్తుందన్న హామీ ఆ సంతకంలో లేదని కెర్నల్ పత్రాలే స్పష్టం చేస్తాయి. ‘తెలిసిన’ అన్న ఆ ఒక్క మాటలో గొప్ప నిజాయితీ ఉంది. అయితే ఆ పేరును చూసేవారు దాన్ని ఆప్తవాక్యంగా, అంటే నమ్మదగినవారి మాటగా, స్వీకరిస్తారు కనుక, సమీక్షకుడికి తెలియకపోవడం అన్నది వెలుగులో చూసి తెలియకపోవడమా, చీకట్లో చూసి తెలియకపోవడమా అన్నది అతడి సొంత విషయంగా మిగలదు.

2016 అక్టోబరులో ‘డర్టీ కౌ’ అన్న పేరుతో బయటపడిన లోపం ఈ భేదాన్ని చక్కగా పట్టి చూపుతుంది. ఒకే పేజీని, అంటే సాధారణంగా 4,096 బైట్ల మెమరీ ముక్కను, ఎందరైనా కలిసి చదువుకోవచ్చు. ఎవరైనా అందులో రాయబోతే కెర్నల్ వారికి సొంత నకలు తీసి ఇస్తుంది, మూలం చెక్కుచెదరదు. కాపీ-ఆన్-రైట్ అనే ఈ ఏర్పాటులో, నకలు సిద్ధమయ్యాక కెర్నల్ ‘ఇది రాయడానికి వచ్చిన అభ్యర్థన’ అన్న గుర్తును తీసేసి, పేజీ కోసం మళ్లీ వెతికేది. ఆ రెండు అడుగుల మధ్య సందులో అదే ప్రోగ్రాములోని మరో త్రెడ్, అంటే పక్కనే సమాంతరంగా నడిచే మరో పని, ఈ నకలు ఇక అక్కరలేదని పారేయిస్తే, రెండోసారి వెతికిన కెర్నల్‌కు మూల పేజీయే దొరికేది. గుర్తు అప్పటికే పోయింది కనుక అడ్డుపడేది ఏదీ లేక, రాత నేరుగా మూలంలో పడేది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న సిస్టమ్ ఫైలును సామాన్య వాడుకరి అలా మార్చగలిగేవాడు.

ప్యాచ్‌ను చూసే వ్యక్తి తెర మీద కూడిక గుర్తుతో కొత్త పంక్తులు, తీసివేత గుర్తుతో పాత పంక్తులు, వాటికి పైనా కిందా మామూలుగా మూడేసి మారని పంక్తులు ఉంటాయి. నకలును పారేసే కోడ్ ఆ మూడు పంక్తుల్లో ఉండదు, అసలు ఆ ఫైలులోనే ఉండదు. విడివిడిగా చదివితే ప్రతి పంక్తీ సరైనదే. దోషమల్లా రెండు పంక్తుల నడుమ గడిచే కాలంలో ఉంది, కాలం కాగితం మీద కనబడదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ దోషాన్ని 2005లోనే ఒకసారి సవరించబోయాడు, కాని ఎస్390 మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలపై ఇబ్బంది రావడంతో ఆ సవరణను వెనక్కు తీసుకున్నారు. ఒకప్పుడు సిద్ధాంతంలో మాత్రమే సాధ్యమనిపించిన ఈ పోటీ, అంటే రెండు త్రెడ్‌లలో ఏది ముందన్న పరుగు, మెమరీ వ్యవస్థ విస్తరించే కొద్దీ సులభంగా సంభవించే స్థితికి వచ్చిందని ఆయనే 2016 సవరణతో పాటు రాశాడు. అంటే కుండ మొదటి నుంచీ గదిలోనే ఉంది. వెలుగు తరువాత వచ్చింది.

ఆ 2016 సవరణ నిజానికి ఒక అనుమానం, తర్కశాస్త్రపు అర్థంలో. రాత గుర్తును తీసేసే బదులు, నకలు జరిగిందని చెప్పే వేరే గుర్తు పెట్టి, దాన్ని నమ్మే ముందు పేజీ పట్టికలో ‘డర్టీ’ బిట్ ఉందో లేదో కెర్నల్ చూస్తుంది; ఆ పేజీలో రాత జరిగిందని తెలిపే చిహ్నమది. పొగను చూసి నిప్పును ఊహించినట్టే, ఇక్కడ డర్టీ బిట్‌ను చూసి నకలు ఇంకా నిలిచి ఉందని కెర్నల్ ఊహిస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన విద్యార్థి ఎవరైనా ఇక్కడ అడగవలసిన ప్రశ్న వ్యాప్తి గురించి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండడం లాంటి తప్పని సంబంధం గురించి: ఆ బిట్ ఉన్న ప్రతిచోటా నకలు తప్పక ఉంటుందా? ఇదే పద్ధతిని 2 ఎంబీల పెద్ద పేజీలకు విస్తరించినప్పుడు ఆ ప్రశ్నకు లేదన్న జవాబు 2017లో బయటపడింది, ఎందుకంటే ఆ దారిలో పేజీని చదవడానికి తాకినా సరే కెర్నల్ డర్టీ బిట్‌ను పెట్టేస్తోంది. పొగ లాంటి హేతువు ఉండి, నిప్పు లాంటి సాధ్యం లేకపోవడాన్ని తార్కికులు వ్యభిచారం అంటారు. మొదటి సవరణ తన చోట సరిగ్గానే ఉంది. కాని దాన్ని మరోచోటికి తీసుకుపోయేటప్పుడు చూడవలసింది, బిట్‌ను చదివే పంక్తితో పాటు దాన్ని పెట్టే పంక్తులన్నిటినీ.

తార్కికుడికి లేని ఒక వెసులుబాటు మాత్రం కెర్నల్ రాసేవారికి ఉంది. లోకంలో పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధాన్ని తార్కికుడు కనుగొనగలడే తప్ప కల్పించలేడు. కెర్నల్‌లో వ్యాప్తి భంగమైతే, భంగం చేసిన చోటునే దిద్దవచ్చు. 2017 చివర చేసిన సవరణ అదే పని చేసింది: రాయడానికి తాకినప్పుడు తప్ప పెద్ద పేజీ మీద డర్టీ బిట్ పడకుండా ఆపింది.